టోపీ కాపలా

వెనక వీధి, మేడ మీది వాటా
మార్చి 3

చిరంజీవి ఆడపడుచుకి,

వదిన రాస్తున్నాను. నాలుగు వీధుల అవతల ఉన్న మనిషికి పోస్టులో ఉత్తరం రాయాల్సి వస్తుందని ఈ ఇరవై రెండేళ్ల కాపురంలో ఎన్నడూ అనుకోలేదు. ఫోను చేస్తే ఎత్తవు. మీ క్వార్టర్స్ దాకా వస్తే మేడమ్ డ్యూటీలో ఉన్నారని వాచ్‌మన్ చేత చెప్పిస్తావు. వాడు చెబుతున్నప్పుడు పైన నీ కిటికీ తలుపు మూసుకోవడం నేను చూశాను. నాకింకా కళ్ళు కనపడుతున్నాయి.

మీ అన్నయ్య ఇంట్లో కూర్చుని పన్నెండు రోజులైంది. తెల్లవారి అయిదింటికి లేచి బూట్లు తుడుచుకుంటారు. తుడిచిన బూట్లు మళ్ళీ మంచం కింద పెడతారు. సస్పెండు చేసింది మేనేజరని నేను ఆయన్ని తిట్టిపోస్తుంటే, మీ ఓడల యార్డు పెయింటరొకడు వచ్చి అసలు సంగతి చెప్పాడు. నువ్వు నాలుగు పేజీల రిపోర్టు రాశావట. అందులో అన్నయ్య అన్న మాట లేదట, అంతటా సదరు మేస్త్రీ అనే ఉందట. నిన్ను భుజాల మీద ఎక్కించుకుని స్కూలుకు మోసుకెళ్ళిన సదరు మేస్త్రీ.

గ్యాసుకు స్పృహ తప్పిన ఫిట్టరు ఆసుపత్రిలో పడి ఉన్నాడు, కాదనను. పాపం అనుకోని రోజు లేదు. కానీ ఓడ ట్యాంకులోకి గ్యాసు పంపింది మీ అన్నయ్యా? ఆయన ఆ ట్యాంకు నోటి దగ్గర కాపలా నుంచి ఒక్క ఇరవై నిమిషాలు పక్కకు వెళ్ళారు. మనిషన్నవాడు మంచినీళ్ళకు వెళ్ళడా? అంతమాత్రానికి ఆయన బతుకు బజారున పెడతావా?

మే ఇరవైన కమిటీ కూర్చుంటుందట. తీసేస్తే ఈ యార్డులోనే కాదు, ఏ యార్డులోనూ గేటు దాటనివ్వరట. యాభై రెండేళ్లవాడు ఇప్పుడు ఏ పని నేర్చుకోవాలి? ఆ రిపోర్టు వెనక్కి తీసుకో. తీసుకోనంటే నీకు నాలుగు పేజీలు రాయడం వచ్చినట్టే నాకూ వచ్చునని గుర్తుపెట్టుకో.

మీ వదిన


యార్డు క్వార్టర్స్, రెండో అంతస్తు
మార్చి 9

వదిన గారికి,

ఫోను ఎత్తకపోవడానికి కారణం ఉంది. నోటి మాట ఇవాళ ఒకలా, రేపు ఒకలా ఉంటుంది. మనిద్దరి మధ్య ఏదైనా ఉంటే కాగితం మీదే ఉండనివ్వండి.

మీకు ట్యాంకంటే ఏమిటో తెలియక రాస్తున్నారు. ఓడ అడుగున అది ఇనప గది. లోపలికి వెళ్ళడానికీ రావడానికీ ఒకటే గుండ్రటి కన్నం, ఒక మనిషి భుజాలు పట్టేంత. దాన్ని మేము నోరంటాం. లోపల మనిషి ఉన్నంతసేపూ నోటి దగ్గర ఇంకో మనిషి కూర్చోవాలి. ప్రతి పదిహేను నిమిషాలకూ మీటరు కిందికి దింపి గాలి చూడాలి, లోపలివాణ్ణి పిలిచి పలకరించాలి, చుట్టుపక్కల ఎవరైనా కొత్త పని మొదలుపెడితే ఆపాలి, లేదా లోపలివాణ్ణి బయటికి లాగాలి. పొద్దున ఎనిమిదింటికి బాగున్న గాలి పదకొండింటికి బాగుండాలని లేదు. ఆ రోజు పక్క ట్యాంకులో పెయింటర్లు రంగులో కలిపే మందు డబ్బాలు తెరిచారు. మధ్య గోడలో పైపు కోసిన కన్నం ఉంది. ఆ ఆవిరంతా ఇటు వచ్చింది. నోటి దగ్గర మనిషి ఉండి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయే వ్యవహారం ఇది. ఫిట్టరుకు ఇప్పటికి పద్దెనిమిది రోజులుగా స్పృహ లేదు.

మంచినీళ్ళకు వెళ్ళాడంటున్నారు. అన్నయ్య నీళ్ళ సీసా నోటి పక్కనే సగం నిండుగా దొరికింది. ఎందుకు వెళ్ళాడో మూడుసార్లు అడిగాను, నీళ్ళు నమిలాడు. నా రిపోర్టులో కారణం తెలియదు అని రాశాను. మీకు తెలిస్తే చెప్పండి, చేరుస్తాను. సదరు మేస్త్రీ అని రాయడం పద్ధతి. అన్నయ్య అని రాస్తే ఆ కాగితాన్ని ఎవరూ నమ్మరు.

రిపోర్టు వెనక్కి రాదు.

ఇట్లు, మీ ఆడపడుచు


వెనక వీధి
మార్చి 16

సేఫ్టీ ఆఫీసరు గారికి,

ట్యాంకు పాఠం బాగుంది. జీతం తీసుకోకుండా చెప్పావు.

ఇప్పుడు నేనొక పాఠం చెబుతాను, విను. రౌండ్ షీటని ఒకటి ఉంటుందట. సేఫ్టీవాళ్ళు డెక్కు మీద తిరుగుతూ చోటు చోటుకీ టిక్కు పెట్టే కాగితం. ప్రమాదం జరిగిన ఫిబ్రవరి పందొమ్మిది నాటి కాగితం కాపీ నా చేతికొచ్చింది, ఎలా వచ్చిందని అడగకు. అందులో ఏడో గడి చదువుతాను. మూడో నంబరు ఓడ, ట్యాంకు నోరు, మనిషి ఉన్నాడు. టిక్కు. సమయం పదకొండు ఇరవై. పక్కన నీ సంతకం, తోకతో సహా.

అమ్మా, పదకొండు ఇరవైకి ఆయన అక్కడ లేరని కదా నీ నాలుగు పేజీలూ. మరి నువ్వు ఎవరిని చూసి టిక్కు పెట్టావు? ఆయన ఉంటే నీ రిపోర్టు అబద్ధం, లేకపోతే నీ టిక్కు అబద్ధం. ఏదో ఒకటి ఏరుకో. అడ్డంగా దొరికిపోయావు.

మీ అన్నయ్యకి చూపిస్తే కాగితం లాక్కుని మడిచి జేబులో పెట్టుకున్నారు. "దాని జోలికి వెళ్ళకు, దాని ఉద్యోగం పోతుంది" అన్నారు. ఆయన ఉద్యోగం ఇప్పటికే పోతోంది, అది గుర్తులేదు. చెల్లెలంటే అంత ప్రాణం ఆ పిచ్చి మనిషికి. నాకు ఆ జబ్బు లేదు. ఇంకో కాపీ పప్పు డబ్బాలో ఉంది. కమిటీ ముందు నువ్వు నోరు తెరిస్తే నేనూ తెరుస్తాను.

మీ వదిన


యార్డు క్వార్టర్స్
ఏప్రిల్ 20

వదిన గారికి,

నెల పైన ఆలస్యం చేశాను. భయపడి కాదనను, భయపడే.

ఆ రోజు నేను చూడాల్సినవి పధ్నాలుగు చోట్లు. మూడో ఓడ డెక్కు మీద ముప్ఫై అడుగుల దూరంలోనే ఆగిపోయాను. ట్యాంకు నోటి మీద మూడు కాళ్ళ స్టాండు ఒకటి నిలబెడతారు, ప్రమాదం వస్తే మనిషిని తాడుతో పైకి లాగడానికి. దాని హుక్కుకు అన్నయ్య హెల్మెట్ వేలాడుతోంది. పసుపు రంగుది, వెనకాల ఎర్ర టేపు. హెల్మెట్ చూసి టిక్కు పెట్టాను. మనిషిని చూడలేదు.

యార్డులో దీన్ని టోపీ కాపలా అంటారు. నోటి దగ్గర మనిషికి లేవాల్సిన పని పడితే తన హెల్మెట్ హుక్కుకు తగిలించి, పక్కవాడిది అరువు పెట్టుకుని వెళతాడు. ఇక్కడే ఉన్నాను, ఇప్పుడే వస్తాను అని దాని అర్థం. అటు వెళ్ళేవాళ్ళు గౌరవిస్తారు కూడా. పెయింటర్లు నాకు అదే చెప్పారు: "మేస్త్రీ గారి టోపీ కనపడింది, ఉన్నారు, చూసుకుంటారు అనుకుని డబ్బాలు తెరిచాం." ఎనిమిదేళ్లుగా నేనీ సంగతి ఎరుగుదును. శిక్షణ తరగతుల్లో ఒక్కసారీ ఎత్తలేదు. ఎత్తితే ప్రతి నోటి దాకా నడిచివెళ్ళి మనిషి మొహం చూడాలి. పధ్నాలుగు చోట్లకు నాకిచ్చేది గంట. హెల్మెట్లు లెక్కపెట్టుకుంటూ పోతే సరిపోయేది.

ఇది ఒప్పుకుంటున్నాను. ఇక మీ వంతు.

గేటు దగ్గర సందర్శకుల పుస్తకం ఉంటుంది. ఫిబ్రవరి పందొమ్మిది, పదకొండు పదికి రాక, పదకొండు ముప్ఫై అయిదుకు పోక. ఎవరి కోసం అన్న చోట మేస్త్రీ కోసం అని, పని అన్న చోట ఇంటి పని అని ఉంది. సంతకం మీదే. ఆ పేజీ రెండు నెలలుగా నా దగ్గరుంది, రిపోర్టుకు జతచేయలేదు. మంచినీళ్ళని మీరు నాకు రాసినప్పుడు ఆ పేజీ నా బల్ల మీదే ఉంది. మీ అబద్ధం చదువుతూ మీ సంతకం చూస్తూ కూర్చున్నాను.

ఏమిటా ఇంటి పని?

ఇట్లు, మీ ఆడపడుచు


వెనక వీధి
ఏప్రిల్ 25

ఆడపడుచుకి,

ఏమిటా ఇంటి పని అని అడగడానికి నీకు సిగ్గుండాలి.

ముందు రోజు సాయంత్రం మీ అమ్మని బండి ఎక్కించి, ఒళ్ళో సంచీ పెట్టి మా మెట్ల దగ్గర దింపించింది ఎవరు? ఒక కబురు లేదు, ఒక ఫోను లేదు. ఆరు నెలలు నీ దగ్గర, ఆరు నెలలు మా దగ్గర అని కదా మాట. నీ ఆరు నెలలకు ఇంకా రెండు నెలలు మిగిలే ఉన్నాయి. ఆవిడ మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చి, "అమ్మాయికి పనెక్కువగా ఉందే, నేనే వచ్చేశాను" అంది. నిన్ను వెనకేసుకొచ్చింది. ఆ మాటకే నాకు ఒళ్ళు మండింది.

రాత్రి మీ అన్నయ్యని అడిగితే రేపు మాట్లాడదామన్నారు. ఆయన రేపు ఎప్పుడొచ్చింది గనక? అందుకని తాడో పేడో తేల్చుకుందామని మర్నాడు గేటుకు వచ్చాను. మీ అమ్మనీ సంచీనీ వెంటబెట్టుకునే వచ్చాను. ఆయన్ని పిలిపించమని గేటువాణ్ణి కూర్చోనివ్వలేదు. ఆయన వచ్చి అటూ ఇటూ కాకుండా నిలబడ్డారు. నెత్తిన ఇంకెవరిదో హెల్మెట్ ఉంది, చెవుల మీదికి జారుతోంది. "లోపల మనిషి ఉన్నాడు, వెళ్ళనీ" అని రెండుసార్లు అన్నారు. తప్పించుకోవడానికి అంటున్నారనుకున్నాను. చొక్కా పట్టుకుని ఆపాను. సైరను మోగాకే వదిలాను.

రాశాను. చదువుకో. చదివి చించెయ్యి.

ఇప్పుడు పనికొచ్చే మాట. నిన్న మీ మేనేజరు గుమస్తా ఒక టైపు కాగితం తెచ్చాడు. ఫిట్టరు ఎవరికీ చెప్పకుండా తనంతట తాను ట్యాంకులోకి దిగాడని అందులో ఉంది. మీ అన్నయ్య సంతకం, సేఫ్టీ ఆఫీసరుగా నీ సంతకం పడితే చాలట, కమిటీ పది నిమిషాల్లో లేచిపోతుందట. ఫిట్టరుకు స్పృహ వచ్చినా ఏమీ గుర్తులేదంటున్నారు. ఎలాగూ మళ్ళీ పనిలోకి రాలేడు. నీ టిక్కూ, నా గేటూ రెండూ మట్టిలో కలిసిపోతాయి. మీ అన్నయ్య ఇంకా సంతకం పెట్టలేదు. నువ్వు పెడితే ఆయన చేత నేను పెట్టిస్తాను. కాగితం ఇందులోనే పెడుతున్నాను.

నీ మీద ప్రేమ పుట్టుకొచ్చి రాస్తున్నానని అనుకోకు.

మీ వదిన


యార్డు క్వార్టర్స్
మే 17

వదిన గారికి,

అమ్మని ఎందుకు పంపానో ముందు చెప్పేస్తాను. పనెక్కువ అన్నది అబద్ధం. మీరు వండినట్టు నేను వండనని రోజూ అంటోంది. నాలుగు నెలలు పడ్డాను, ఆ సాయంత్రం పడలేకపోయాను. అంతే.

మీరు పంపిన కాగితం మూడు వారాలు నా సంచీలో మోశాను. సంతకం పెట్టేదాన్నే. పెట్టేముందు ఫిట్టరుకు నిజంగా ఏమైనా గుర్తుందో లేదో చూసుకుందామని నిన్న ఆసుపత్రికి వెళ్ళాను. చూడటానికి కాదు, చూసుకోవడానికి. అర్థమైందనుకుంటాను.

అతనికి గుర్తుంది. పది రోజులుగా కొద్దికొద్దిగా వస్తోందట. చేతులు వణుకుతున్నాయి, గ్లాసు పట్టుకోలేడు, భార్య తాగిస్తోంది. మాట మాత్రం స్పష్టంగా ఉంది. అతను చెప్పింది ఒక్క ముక్క మార్చకుండా రాస్తున్నాను.

"వాసన మొదలవగానే పైకి చూశాను మేడమ్. వెలుతురు కళ్ళలో పడి మొహం కనపడలేదు, మేస్త్రీ గారి టోపీ కనపడింది. వాసనొస్తోంది, వచ్చెయ్యనా అని అరిచాను. వద్దని తల అడ్డంగా ఊపారు. పెద్దాయన వద్దన్నారంటే ఏమీ లేదులే అని ఇంకో రెండు బోల్టులు బిగించాను. తల తిరుగుతుంటే మళ్ళీ అడిగాను. మళ్ళీ అడ్డంగా ఊపారు. ఆయన్ని ఏమీ అనకండి. పైనుంచి ఆయనకెలా తెలుస్తుంది?"

ఆ రోజు డెక్కు మీద గాలి జోరుగా ఉంది వదినా. హుక్కుకు వేలాడుతున్న హెల్మెట్ గాలికి ఊగింది. అతను దాన్ని అడిగాడు. అది వద్దంది. అడుగు దూరంలో నిచ్చెన ఉంది, ఎక్కి వచ్చేసేవాడు. పైన మనిషి ఉన్నాడన్న నమ్మకం కొద్దీ ఆగిపోయాడు.

ఎల్లుండి కాక ఆవలి రోజు కమిటీలో అతని చేత ఇది చెప్పిస్తారు. దాని పక్కన నా టిక్కు పెట్టి చూడండి. మనిషి ఉన్నాడని నా సంతకం చెబుతుంది, ఉండి వద్దన్నాడని అతను చెబుతాడు. అప్పుడు అన్నయ్య నేరం కాపలా వదిలి వెళ్ళడం కాదు, చచ్చిపోతున్నవాణ్ణి లోపలే ఉండమనడం. ఉద్యోగంతో పోదు, జైలు దాకా వెళుతుంది. నన్ను బెదిరించడానికి మీరు దాచుకున్న కాపీ ఉంది చూశారూ, అది బిగుసుకునేది అన్నయ్య మెడకే.

నా టిక్కు అబద్ధమని కమిటీ ముందు చెబుతాను. నా ఉద్యోగం ఉండదు. దాని గురించి మీ జాలి నాకక్కర్లేదు. కానీ నా మాట ఒక్కటే చాలదు. అన్నని కాపాడుకోవడానికి చెల్లెలు ఆడే నాటకమంటారు. గేటు పుస్తకం మీరు వచ్చారని మాత్రమే చెబుతుంది, అన్నయ్య మీ ఎదుట నిలబడ్డాడని చెప్పదు. గేటువాడు తనకేమీ గుర్తులేదంటున్నాడు, వాడి భయం వాడిది. అమ్మని అడగదలచుకోలేదు. తన సంచీ వల్ల ఇదంతా జరిగిందని ఆవిడకు తెలియనివ్వను, మీరూ తెలియనివ్వకండి.

ఇక మిగిలింది మీరు. రమ్మని బతిమాలను. టైపు కాగితం చించేశాను.

ఇట్లు, మీ ఆడపడుచు


వెనక వీధి
జూన్ 2

ఆడపడుచుకి,

వెనక బల్ల మీద నేను కూర్చున్న సంగతి నువ్వు చూశావు. చూసి తల తిప్పుకున్నావు. సంతోషం.

నీ మాట అయ్యాక వాళ్ళు మీ అన్నయ్యని అడిగారు కదా, ఎక్కడికి వెళ్ళావని. "మంచినీళ్ళకండీ" అన్నారు. ఆయన చెవులు ఎర్రబడటం నాకు వెనక నుంచి కనపడింది. నా కోసం ఆడిన అబద్ధం అది. జైలు మాట చెప్పి, నా పేరు చెప్పెయ్యండని రెండు రాత్రులు పోరినా వినలేదు. అందుకని లేచాను. నీ ఉత్తరం చదివి లేచానని మురిసిపోకు. చెప్పాల్సింది చెప్పాను, చొక్కా పట్టుకున్నదానితో సహా. ఆ కమిటీలో పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఎంతసేపమ్మా" అని అడిగాడు. ఇరవై అయిదు నిమిషాలన్నాను.

ఆయన్ని మేస్త్రీ పని నుంచి తీసేసి పనిముట్ల స్టోరులో కూర్చోబెట్టారు. నిన్ను సేఫ్టీ నుంచి పీకేసి రికార్డుల గదిలో వేశారని తెలిసింది. స్టాండ్లకున్న హుక్కులన్నీ కోసేశారట. మొన్న మీ అన్నయ్య స్టోరు కిటికీలోంచి చూస్తే ఒకడు ట్యాంకు నోటి దగ్గర చొక్కా ఆరేసి వెళుతున్నాడట. ఆ చొక్కా పట్టుకెళ్ళి వాడి మొహాన కొట్టి, వాడొచ్చేదాకా తనే మీటరు దింపుతూ కూర్చున్నారట. స్టోరు వదిలి వెళ్ళినందుకు మెమో ఇచ్చారు. అది కూడా మడిచి జేబులో పెట్టుకున్నారు.

మనిద్దరికీ రాజీ అయిందని ఊళ్ళో ఎవరైనా అంటే నమ్మకు. మీ అమ్మని బండిలో పడేసిన సంగతి నేను మరిచిపోను, నన్ను రెండు నెలలు ఆ పేజీతో ఆడించిన సంగతీ మరిచిపోను. ఆవిడ్ని చూడాలంటే ఆదివారం కాకుండా రా, ఆదివారం నేను ఇంట్లో ఉంటాను.

ఈ ఉత్తరం రాసింది వేరే సంగతి చెప్పడానికి. ఇది ఇంకెవరికీ చెప్పలేను. మీ అన్నయ్యకి అసలే చెప్పలేను.

కమిటీ లేచాక నేను మెట్లు దిగుతుంటే ఫిట్టరు భార్య వెనకాలే వచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను. జుట్టు పట్టుకున్నా పడదామనుకున్నాను. ఆవిడ మెల్లగా, "అంతసేపు ఆయన్ని ఆపి దేని గురించి మాట్లాడారండీ" అని అడిగింది. నిజంగా తెలుసుకోవాలని అడిగింది, ఎత్తిపొడుపు లేదు. ఏం చెప్పమంటావు? మా అత్తగారు ఎవరింట్లో ఉండాలన్న దాని గురించి అని చెప్పాను.

ఆవిడ ఇంకో మెట్టు దిగి నా పక్కకు వచ్చింది.

"ఇప్పుడు ఎవరింట్లో ఉన్నారు?" అంది.

మా ఇంట్లోనే అన్నాను. "పోనీలెండి" అని, మొగుడికి మందు వేసే వేళయిందని వెళ్ళిపోయింది.

మీ వదిన